ఐదు కోట్లు మిగిలాయన్నారు, లెక్క తేల్చడానికి నాకు ఏడు నెలలు పట్టింది

2024 జూన్ 10, సోమవారం. డైరెక్టర్ గారు పిలిచి పన్నెండు పేజీల పీపీటీ ప్రింటు నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో పెద్దక్షరాల్లో ఉంది: దొరికిన క్లాష్‌లు (ఒకదానికొకటి అడ్డుపడే చోట్లు) 3,412, ఒక్కోదానికి సగటున 15,000 రూపాయలు, మొత్తం ఆదా 5.12 కోట్లు. మా భవనానికి కంప్యూటర్‌లో బిమ్ అనే త్రీడీ మోడల్ చేసిన సంస్థ ఇచ్చిన కాగితం అది. ఫేజ్-2కి వాళ్ల కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది దీన్నిబట్టే తేలాలి.

"ఇది నిజమేనా అమ్మా?" అన్నారు.

"చూసి చెప్తాను సార్, ఆరు వారాలివ్వండి" అన్నాను. ఆ ఆరు వారాలు ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

హైదరాబాద్ పడమటి వైపు మేం కడుతున్నది ఆఫీసు భవనం. ఏ, బి రెండు టవర్లు. ఒక్కోదానికి ఒకేలా ఉండే 14 ఫ్లోర్లు, కింద మూడు బేస్‌మెంట్లు. నేను ప్లానింగ్ చూస్తాను. ఏ టవర్‌లో ఏసీ డక్టులు, పైపులు, కేబుల్ ట్రేలు అన్నీ ఎప్పటిలాగే ఆటోక్యాడ్ షీట్లు చూసి వేశారు. బి టవర్‌కి మాత్రం బిమ్ పెట్టాం. పిల్లర్, బీమ్, పైపు, డక్ట్ అన్నీ ముందే కంప్యూటర్‌లో త్రీడీలో కట్టి, ఏది దేనికి తగులుతోందో చూసి, ఆ తర్వాతే సైట్‌కి డ్రాయింగ్ ఇవ్వడం. ఒకే సైట్‌లో ఒకే రకం టవర్లు, ఒకటి మోడల్ లేకుండా, ఒకటి మోడల్‌తో. పోల్చి చూడ్డానికి ఇంతకన్నా సులువైన కేసు ఉండదనుకున్నాను. కష్టమంతా అక్కడే మొదలైంది.

మొదటి రోజు మోడల్‌లో క్లాష్‌లు వెతికే నేవిస్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి మా మోడలర్ కుర్రాడి పక్కన కూర్చున్నాను. క్లాష్ టెస్ట్‌లో టాలరెన్స్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఎన్ని మిల్లీమీటర్లు ఒకదాంట్లో ఒకటి దూరితే క్లాష్ అనాలి అని. అందులో 10 ఉంది. 25 పెట్టి మళ్లీ నడపమన్నాను. 3,412 కాస్తా 1,960 అయింది. సైట్‌లో ఒక్క మేకు కదల్లేదు, పెట్టెలో ఒక అంకె మారితే 2 కోట్ల 17 లక్షలు మాయం. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కుర్రాడు మెల్లగా అడిగాడు, "మేడమ్, దీనివల్ల మా ఉద్యోగాలకేం కాదు కదా?" నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

మిగిలినవి కూడా నిజంగా అన్ని కాదు. ఒక డక్ట్ కాస్త కిందికి దిగి 46 స్ప్రింక్లర్ పైపులకు తగిలితే 46 క్లాష్‌లని రాశారు. అది ఒకటే సమస్య, డక్ట్ పైకి జరిపితే అన్నీ పోతాయి. పైగా ఒక ఫ్లోర్‌లో ఉన్నది 14 ఫ్లోర్లలోనూ పద్నాలుగు సార్లు లెక్కలోకి వచ్చింది. ఒక్కొక్కటి చూసి గుంపులు కట్టడానికి 19 పనిదినాలు పట్టింది. చివరికి తేలినవి 286 సమస్యలు. బోనాల ముందు వారం అది పూర్తయింది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

ఆ 286లో ఎన్ని డబ్బు తినేవి? ఇది తేలాలంటే మోడల్ లేకపోతే ఏం జరిగేదో తెలియాలి. అది ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది జరగలేదు. అందుకే ఏ టవర్‌లో తిరగ్గొట్టి మళ్లీ కట్టిన పనుల రికార్డు వెతికాను. లేదు. సైట్‌లో రీవర్క్‌కి రిజిస్టర్ ఎవరు పెడతారు? తప్పు జరిగితే తెల్లారేలోగా సరిచేసి, బిల్లులో వేరే పద్దు కింద కలిపేస్తారు. డెబిట్ నోట్లు, అంటే తప్పు చేసినవాళ్ల బిల్లులో కోత వేసిన కాగితాలు, కొన్ని దొరికాయి, అవి కూడా గొడవ పెద్దదై బయటపడినవే.

జులై మూడో వారంలో సేఫ్టీ ఆఫీసర్ దగ్గర టీ తాగుతుంటే నా కళ్లబడింది వర్క్ పర్మిట్ రిజిస్టర్. పోసేసిన స్లాబ్‌కి కోర్ కటింగ్ మెషిన్‌తో రంధ్రం వేయాలంటే పర్మిట్ తప్పనిసరి. మాది పోస్ట్ టెన్షన్ స్లాబ్, లోపల బిగించిన కేబుళ్లుంటాయి, పొరపాటున ఒకటి తెగితే ప్రమాదం. అందుకే తేదీ, ఫ్లోర్, గ్రిడ్, సంతకంతో ప్రతి రంధ్రమూ రాసి ఉంది. స్లాబ్ పోసేముందే పైపు వెళ్లే చోట సరిగ్గా స్లీవ్ (గొట్టం) పెట్టి ఉంటే కోర్ కటింగ్ అవసరం రాదు. అంటే సమన్వయం ఎంత బాగా జరిగిందో చెప్పే కొలత ఇదే. ఏ కన్సల్టెంట్ కాగితంలోనూ లేనిది సేఫ్టీ ఆఫీసర్ బీరువాలో ఉంది.

ఏ టవర్ రిజిస్టర్లు బేస్‌మెంట్‌లో కంటెయినర్‌లో ఉన్నాయి. రెండు పుస్తకాలు తడిసి అంటుకుపోయాయి. ఇంటికి తెచ్చి ఫ్యాన్ కింద పేజీ పేజీ విడదీస్తుంటే మా వారు, "పెళ్లి ఫొటోలక్కూడా ఇంత చేయలేదు నువ్వు" అన్నారు.

లెక్క తేలింది. ఏ టవర్‌లో ఇలా వేసిన రంధ్రాలు, అంటే కోర్లు, 212; బి టవర్‌లో 61. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం. మర్నాడు పొద్దున్నే ప్లంబింగ్ ఫోర్‌మన్‌కి చూపించాను.

ఆయన కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "ఏ టవర్ల దెబ్బలు తిని నేర్సుకున్నం మేడమ్. బి టవర్ల మళ్ల గదే తప్పు జేస్తమా? మీ కంప్యూటర్ ఉన్నా లేకున్నా గంతే."

కోపం వచ్చింది, కానీ మాట నిజం. రెండు టవర్లలోనూ అదే సబ్‌కాంట్రాక్టర్, అదే గ్యాంగ్, అదే ఫోర్‌మన్. ఏ టవర్ పని 2022 మార్చి నుంచి 2023 మార్చి దాకా, బి టవర్ పని 2023 జూన్‌లో మొదలు. రెండోసారి వంట చేస్తే ఉప్పు సరిపోతుంది, అది కొత్త గిన్నె గొప్పతనం కాదు కదా. ఏ టవర్ కోర్లనే ఫ్లోర్లవారీగా విడదీశాను. మొదటి నాలుగు ఫ్లోర్లలో 81. తర్వాతి ఐదింటిలో 37. చివరి ఐదింటిలో 20. మోడల్ లేకుండానే ఫ్లోర్‌కి ఇరవై నుంచి నాలుగుకి దిగిపోయారు! బి టవర్‌ 14 ఫ్లోర్లలో మొత్తం 28, అంటే ఫ్లోర్‌కి రెండు. కాబట్టి న్యాయంగా పోల్చాల్సింది నాలుగుతో రెండుని, ఇరవైతో రెండుని కాదు. ఫ్లోర్‌కి రెండు చొప్పున 14 ఫ్లోర్లకు తప్పినవి 28 కోర్లు. మిగతా కోర్లు బేస్‌మెంట్లవి. అక్కడ ఒకవైపు పంపు రూములు, ఇంకోవైపు జనరేటర్లు, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు. వాటిని పోల్చడం కుదరదని వదిలేశాను.

ఒక్కో కోర్‌కి మాకు పడింది సగటున 2,300 రూపాయలు. 28 కోర్లంటే 64,400. ఐదు కోట్ల నుంచి అరవై నాలుగు వేలకు వచ్చాను. ఎక్సెల్ మూసేసి క్యాంటీన్‌కి వెళ్లిపోయాను.

ఫోర్‌మన్ మాట వల్ల ఇంకొకటి కూడా పోయింది. మీటింగుల్లో అందరూ గొప్పగా చెప్పే ఉదాహరణ ఏహెచ్‌యూ రూములది, అంటే ఏసీ యూనిట్లు పెట్టే గదులది. ఏ టవర్‌లో గోడ కట్టేశాక ఏసీ యూనిట్ తలుపులోంచి పట్టక ఆరు ఫ్లోర్లలో గోడలు పగలగొట్టారు, డెబిట్ నోట్లు కూడా ఉన్నాయి. బి టవర్‌లో మోడల్ చూసి ఆ గోడలు ఆపాం అని పీపీటీలో ఫొటోతో సహా ఉంది. కానీ ఆరు సార్లు గోడ పగలగొట్టినవాడు ఏడోసారి మోడల్ చూసే దాకా ఆగుతాడా? ఆ ఉదాహరణ కొట్టేశాను. మోడలింగ్ సంస్థ మేనేజర్ ఫోన్ చేసి పది నిమిషాలు గొంతు పెంచారు. "మీకు బిమ్ అంటే ఇష్టం లేదు మేడమ్" అన్నారు. నేను బిమ్ పెట్టమని 2021 నుంచి మా ఆఫీసులో పోరిన మనిషిని, ఆ మాటకి ఏడుపొచ్చింది.

అప్పుడు 286 సమస్యల దగ్గరికే తిరిగి వచ్చాను. ఒక్కో సమస్యకీ స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు వేసి, ముగ్గురికి విడివిడిగా ఇచ్చాను: ఫోర్‌మన్‌కి, మా ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనుల) ఇంజనీర్‌కి, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆఫీసులో ఒక ఇంజనీర్‌కి. మోడల్ లేకపోయినా సైట్‌లో ఎవరో ఒకరు అక్కడికక్కడే సర్దేస్తారనిపిస్తే పచ్చ, అసలు రాదనిపిస్తే ఖాళీ, పగలగొట్టాల్సి వచ్చేదే అనిపిస్తే ఎర్ర టిక్కు. ఒకరిది ఒకరు చూడకూడదు. వారంలో అయిపోతుందనుకున్నాను, రెండు నెలలు పట్టింది. ఫోర్‌మన్‌కి పొద్దున స్లాబ్, మధ్యాహ్నం లేబర్ గొడవ. రోజుకి ఆరేడు కాగితాలు చూపించగలిగితే గొప్ప. నడుమ ఆగస్టు 31 రాత్రి వానలకి ఖమ్మంలో మున్నేరు పొంగి మా అమ్మానాన్నల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. తొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయాను, బురద ఎత్తుతూ.

ఫోర్‌మన్ మొదట అన్నిటికీ పచ్చే పెట్టాడు. "సర్దుకుంటం" తప్ప ఇంకో మాట లేదు. అతని అనుభవాన్ని నేనేదో పరీక్ష పెడుతున్నాననుకున్నాడు పాపం. బి వైపు ర్యాంప్ స్క్రీన్‌షాట్ దగ్గర మాత్రం ఆగాడు. ఏసీకి చల్లటి నీళ్లు తెచ్చే చిల్డ్ వాటర్ పైపు బీమ్ కింద నుంచి వెళ్తే ర్యాంప్ మీద మిగిలే ఎత్తు 2.05 మీటర్లు, ఉండాల్సింది 2.4. పైపు వేసి, ఇన్సులేషన్ చుట్టి, ప్రెషర్ టెస్ట్ చేసి, మొదటి వ్యాన్ దిగినప్పుడు తెలిసేది. కాసేపు చూసి, "గిదైతే మమ్ముల ముంచేదే" అని ఎర్ర టిక్కు తనే పెట్టాడు. అక్కణ్నుంచి నిజాయితీగా పెట్టాడు.

ముగ్గురూ ఎరుపు పెట్టినవి 23, ఇద్దరు పెట్టినవి 18. ఈ 41నే లెక్కలోకి తీసుకున్నాను. ఒక్కోదానికి కాంట్రాక్టు రేట్లతో పగలగొట్టడం, వృథా అయ్యే సామాను, తిరిగి వేయడం అన్నీ కట్టాను. మొత్తం 38.6 లక్షలు. ఒక్క ర్యాంపే 9.4 లక్షలు, దాని తర్వాత పొగ బయటికి లాగే డక్ట్‌ల షాఫ్ట్. కోర్లు వీటిలోనే కొన్ని కలిసి ఉన్నాయి కాబట్టి విడిగా కలపలేదు.

దసరా సెలవుల తర్వాత స్క్రాప్ రిజిస్టర్ గుర్తొచ్చింది. గేటు బయటికి పోయే ప్రతి తుక్కు లోడుకి తూకం ఉంటుంది. కొన్న రేకు షీట్, పైపు, కేబుల్‌కి, తుక్కుగా పోయినదానికి నిష్పత్తి కట్టి చూస్తే బి టవర్‌లో వృథా బాగా తక్కువ. విలువ 9.2 లక్షలు, సగం పైన కేబుల్ ముక్కలదే. మోడల్‌లోంచి పొడవులు తీసి కత్తిరించారు కాబట్టి అనుకుంటున్నాను. ఇందులోనూ రెండోసారి చేసిన అనుభవం పాలు ఉంటుంది, దాన్ని విడదీయలేకపోయాను. నివేదికలో అలాగే రాశాను.

ఇక రోజుల సంగతి. డైరెక్టర్ గారు ఎప్పుడు ఎదురుపడినా అడిగేది అదే, "ఎన్ని రోజులు మిగిలాయి?" ఏ టవర్‌కి ఎంఈపీ పని 381 రోజులు, బి టవర్‌కి 334. తేడా 47. అందులో 19 రోజులు ఏ టవర్‌లో రేకు షీట్ రాక ఆగిన పని. ఎందుకు రాలేదంటే మా అకౌంట్స్ నుంచి పేమెంట్ వెళ్లలేదు. మిగిలినవి 28 రోజులు. సైట్ ఖర్చులు, అంటే జీతాలు, క్రేన్ అద్దె, జనరేటర్ డీజిల్, సెక్యూరిటీ, రోజుకి 1.35 లక్షలు. గుణిస్తే దాదాపు 38 లక్షలు! ఈ అంకె పట్టుకుని ఫైనాన్స్ మేనేజర్ గారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కళ్లజోడు తీసి, "ఆ 28 రోజుల్లో క్రేన్ వెనక్కి పంపారా?" అన్నారు.

లేదు. రెండు టవర్లకీ సైట్ ఒక్కటే, ముఖద్వారం పని ఇంకా సాగుతోంది. ఎవరి జీతమూ ఆగలేదు.

"మరి మీ లెక్కలో ఆ రోజులు ఉన్నాయి, నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లేవు."

కొట్టేశాను. 28 రోజులు అన్న మాట ఉంచి, పక్కన రూపాయలు రాయలేదు.

ఖర్చు వైపు లెక్క త్వరగానే తేలింది. మోడలింగ్ సంస్థకి 31 లక్షలు. మా ఇద్దరు మోడలర్లకు 14 నెలల జీతం 10.6 లక్షలు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, రెండు పెద్ద కంప్యూటర్లు కలిపి 7.4 లక్షలు. ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. ప్రతి మంగళవారం సమన్వయ మీటింగ్, పదకొండు మంది, రెండున్నర గంటలు, 34 వారాలు. 935 గంటలు! జీతాల ప్రకారం 3.9 లక్షలు. ఆర్‌ఎఫ్‌ఐలు, అంటే డ్రాయింగ్ మీద సందేహాలు రాసి అడిగే కాగితాలు, సగానికి తగ్గాయని పీపీటీలో ఉంది కానీ, అవి తగ్గలేదు, కాగితం మీద అడగాల్సినవి ఆ గదిలో అడిగాం, అంతే.

ఖర్చు 52.9 లక్షలు. లాభం 47.8 లక్షలు. అయిదు లక్షల పైన నష్టం.

నవంబర్ రెండో వారం అది. ఆ ఎక్సెల్ షీట్‌ని పది రోజులు ఎవరికీ చూపించలేదు. ఎక్కడో తప్పు చేశాననే అనుకున్నాను. ఆ టైమ్‌లోనే బ్రిటన్‌లో పీడబ్ల్యూసీ అనే కన్సల్టింగ్ సంస్థ వాళ్లు 2018లో చేసిన కొలత నివేదిక చదివాను. అక్కడ 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులకు బిమ్ తప్పనిసరి. రెండు ప్రాజెక్టులు తీసుకున్నారు, లండన్‌లో 39 విక్టోరియా స్ట్రీట్ అనే ఆఫీసు భవనం, యార్క్‌లో వరద అడ్డుకునే ఫాస్ బారియర్. మోడల్ లేకపోతే ఏం జరిగేది అన్నదాన్నే పట్టుకుని వాళ్లూ కొలిచారు. తేలిన ఆదా మొదటిదానికి దాదాపు 3 శాతం, రెండోదానికి 1.5 శాతం. వాళ్లది భవనం జీవితకాలం మొత్తం లెక్క, మాది ఒక్క ఎంఈపీ పని. పక్కపక్కన పెట్టి చూడకూడదు. అయినా మా బి టవర్ ఎంఈపీ విలువ 41 కోట్లలో పన్నెండు శాతం పైగా మిగిలిందన్న ఆ పీపీటీ ఎంత నేల విడిచిందో అర్థమై, కాస్త ధైర్యం వచ్చింది.

ఆ నివేదిక చదివాక చేసిన ఇంకో పని నా లెక్కనే మార్చేసింది. 'ఎంత మిగిలింది' పక్కన 'ఎవరికి మిగిలింది' అని ఒక కాలమ్ చేర్చాను. సబ్‌కాంట్రాక్టర్‌తో మాది లంప్‌సమ్ ఒప్పందం, మొత్తం పనికి ఒకే రేటు. పగలగొట్టి మళ్లీ వేస్తే ఎక్కువ భాగం అతనే భరించాలి. కాబట్టి 38.6 లక్షల్లో 22.1 లక్షలు తప్పింది అతనికి. క్లయింట్‌కి 4.6. మాకు 11.9. సామాను అతనిదే కాబట్టి తుక్కు తగ్గిన 9.2 లక్షలూ అతనివే. మొత్తం అతనికి మిగిలింది 31.3 లక్షలు, ఖర్చులో అతని వాటా మీటింగులకు పంపిన ముగ్గురు మనుషులు.

అంటే మోడల్ దండగ కాదు. ఖర్చు మేం పెడితే ఫలం ఎక్కువగా పక్కవాడి జేబులోకి పోయింది.

సంక్రాంతి తర్వాత, 2025 జనవరి 20న డైరెక్టర్ గారి ముందు పెట్టాను. మూడు పేజీలు. 5.12 కోట్ల అంకె పక్కనే 47.8 లక్షలు. ఆయన చాలాసేపు ఆ ఆఖరి కాలమ్‌నే చూశారు. ఫైనాన్స్ ఆయన ఏమీ మాట్లాడలేదు, ఆయన విషయంలో అది మెచ్చుకోవడమే. డైరెక్టర్ గారు అడిగిన ప్రశ్న ఒక్కటే:

"ఈ లెక్కకి నీ ఏడు నెలల జీతం ఖర్చులో వేశావా?"

వేయలేదు. నిజంగానే మర్చిపోయాను.

ఫేజ్-2 టెండర్‌లో మోడలింగ్ సబ్‌కాంట్రాక్టర్ పనిలోకే వెళ్లింది, రేటు దానికి తగ్గట్టు మాట్లాడారు. పాత సంస్థ కేవలం తనిఖీకి ఉంది, ఫీజు మూడో వంతుకు తగ్గింది, వాళ్ల రిపోర్టులో క్లాష్‌ల సంఖ్య వేయకూడదని రాయించాను. మా మోడలర్లిద్దరూ ఉన్నారు. మొదటి రోజు ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నకి అప్పటికి గానీ జవాబు చెప్పలేకపోయాను.

నేను పట్టుబట్టి సాధించుకున్నది ఇంకొకటుంది. కోర్ కటింగ్ పర్మిట్‌లో 'కారణం' అని ఒక గడి. ఫిబ్రవరి నుంచి పెట్టారు. సేఫ్టీ ఆఫీసర్‌కి నచ్చలేదు, ఉన్న గడులే నింపరు మేడమ్ అన్నాడు. మార్చి చివర్లో మొదటి పుస్తకం తెప్పించుకుని చూశాను. తొమ్మిది కోర్లు. ఎక్కువ వాటికి 'సైట్ అవసరం' అని ఏదో రాశారు. ఏడోదాని దగ్గర మా ప్లంబింగ్ ఫోర్‌మన్ చేతిరాత, పెన్సిల్‌తో:

"మోడల్ల ఉండె. మేమే సూడలే."